కోటు అంచులో నాలుగాకులు

బాబీన్ నోరు మంచిది కాదని ఊరంతా అంటారు. నిజమే. కోళ్లగూడు పక్కన ఆవిడ పెరట్లోకి ఎవరైనా అడుగుపెడితే చాలు, "కాళ్లా అవి, రోకళ్లా? నా గడ్డి తొక్కకు!" అని విరుచుకుపడుతుంది. అదృష్టం తెచ్చి ఆపద కాస్తుందనే నాలుగాకుల క్లోవర్ మొక్క దొరికేది ఆ గడ్డిలోనే మరి. మూడాకులవైతే ఎక్కడ చూసినా బోలెడు. నాలుగాకులది కావాలంటే మోకాళ్ల మీద కూర్చుని, తొందర పడకుండా ఊరికే చూస్తూ పోవాలి. తేడాగా ఉన్నది దానంతటదే కంట్లో పడుతుంది. ఈ సంగతి తెలియని జనం మధ్యాహ్నమంతా గడ్డి పీకి, నడుం పట్టుకుని ఇళ్లకు పోయేవాళ్లు.

దొరికాక ఉంది అసలు పని. వాడిపోకముందే నాలుగు ఆకులూ వేళ్లతో విప్పి, కాగితాల మధ్య పెట్టి, ప్రార్థన పుస్తకంలో దూర్చి, పైన ఇస్త్రీపెట్టె బరువు పెట్టాలి. ఆత్రంకొద్దీ మధ్యలో తెరిస్తే నల్లబడిపోతుంది. బాగా ఎండాక బాబీన్ దాన్ని రొట్టె చుట్టి వచ్చిన మైనపు కాగితంలో మడిచి, భర్త ఫెస్టీ కోటు అంచు విప్పి, లోపల పెట్టి కుట్టేసేది. అతనికి మాత్రం చెప్పేది కాదు. తొడుక్కున్న మనిషికి తెలిసిందా, ఇక ఆ ఆకు గాడిద మేతకి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ తీరంలో చేపలకు వెళ్లేవాళ్ల ఆడవాళ్లందరికీ తల్లులు నేర్పిన మాట అది.

పోయిన చలికాలం బాబీన్‌కి ఊపిరితిత్తుల జ్వరం వచ్చి, చావు అంచుదాకా వెళ్లొచ్చింది. లేచి తిరుగుతోంది గానీ, ఈ ఏడు పెరట్లో ఒక్క నాలుగాకులదీ దొరకలేదు. పోనీలే, నిరుడు కుట్టింది ఫెస్టీ కోటులో ఉందిగా అని సరిపెట్టుకుంది.

అక్టోబరులో ఓ పొద్దున సముద్రం పాలగిన్నెలా కదలకుండా ఉంది. ఫెస్టీ పడవ దింపుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి పడమటి గాలి తిరిగి, పొరుగింటి గడ్డివాము లేచిపోయింది. తలుపు వేయబోయిన బాబీన్‌కి దాని వెనకాల మేకుకు వేలాడుతూ ఫెస్టీ కోటు కనిపించింది.

"అయ్యో, నా కొంప ముంచాడే! కోటు వదిలి పోయాడే!"

గడ్డి ఏరుకుంటున్న పొరుగింటి డీలియా పరుగెత్తుకొచ్చింది. "ఉన్ని చొక్కా వేసుకునే పోయాడుగా! చలికి అది చాల్లేవే."

"చలి గురించి కాదే నా ఏడుపు, మొద్దు మొహమా!"

కోటు లాగి అంచు తడిమింది. ఏమీ తగల్లేదు. అటూ ఇటూ నలిపింది. ఖాళీ! వెలుగులోకి తెచ్చి చూస్తే, కుట్టు తనది కాదు. సన్నటి దారం పోయి, వల దారం వచ్చింది. చిరిగిన వలకు వేసే ముడులు, వరసగా.

"చూశాడే! తీసి పారేశాడు! నవ్వుకుంటూ పారేసి ఉంటాడు, దరిద్రుడు!"

ఏడుస్తూ తన కోటు తగిలించుకుని రేవుకు పరుగెత్తింది. వెనకాలే డీలియా. వాన మొహాన కొడుతోంది. అలలు రాతికట్ట దాటి పడుతున్నాయి. పడవ జాడే లేదు. ఒడ్డున చతికిలబడి, రెండు చేతులతో తను తొడుక్కున్న కోటు అంచు బిగించి పట్టుకుంది.

వేలికి ఏదో గట్టిగా తగిలింది. బట్ట లోపల మైనపు కాగితం. అంచు మీద వల ముడులు.

జ్వరంలో ఫెస్టీ తన మీద కప్పింది ఈ కోటే. తన కోటులోని ఆకు తీసి ఇందులో కుట్టేశాడు. అంటే అప్పటి నుంచీ, ఆ చలికాలమంతా, అతను ఉత్త అంచుతో సముద్రం మీదికి పోయాడన్నమాట.

"ఓరి పిచ్చి సన్నాసీ!" అని సముద్రం వైపు తిరిగి అరిచింది. "పొయ్యి దగ్గర కూర్చునేదానికి అదృష్టం ఎందుకురా!"

"అదిగో!" అంది డీలియా.

అలల మధ్య నల్లగా పడవ. లేచింది, మునిగింది, మళ్లీ లేచింది. తెడ్డు ఒకటే ఉంది. రేవులో మగవాళ్లు తాడు విసిరారు. రెండుసార్లు తప్పి మూడోసారి అందింది. ఫెస్టీని ఈడ్చి గట్టు మీద వేశారు. పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్లు టకటకలాడుతున్నాయి.

బాబీన్ తన కోటు విప్పి అతని మీద కప్పింది.

"నీది... నాకెందుకే? నువ్వు వేసుకో. అసలే జ్వరం పడి లేచినదానివి."

"నోరు మూసుకుని కప్పుకో."

ఫెస్టీ వేళ్లు కోటు అంచు వెంబడి పాకి, ముడుల దగ్గర ఆగాయి. ఏదీ తెగలేదు. భయంభయంగా ఆమె మొహం చూశాడు.

"అంచు... ఎక్కడైనా చిరిగిందేమో చూశావా?"

"నా కోటు అంచుతో నీకేం పనయ్యా? చిరగలేదు. నేనెందుకు చూస్తాను?"

ఫెస్టీ హమ్మయ్య అనుకుంటూ కళ్లు మూసుకున్నాడు. బాబీన్ మొహం పక్కకు తిప్పుకుని, తెడ్డు పోగొట్టుకొచ్చినందుకు ఇల్లు చేరేదాకా అతన్ని తిడుతూనే ఉంది.