కొత్తబియ్యం ఒనిగిరి

మా పెద్ద తోడికోడలు కిందటి నెలలో కన్నుమూసింది. పొద్దున గుండెల్లో పట్టేసినట్టుందని కూర్చుంది. పెదపాడు నుంచి ఏలూరు ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేనూ మంచే చెబుతాను. కాకపోతే కడుపుమంటతో చెబుతాను. అది ఆవిడతోపాటు పోలేదు మరి.

మాది చేపల చెరువుల కుటుంబం. రెండు కాపురాలు, ఒకటే వంటిల్లు. పులుసు పెట్టడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరు. చెరువులో చేపలు పట్టడానికి వచ్చినవాళ్ళు నా పులుసు కోసం ఆగి మరీ తినివెళ్ళేవారు. అలాంటి ఇంట్లో అక్కయ్య ఫోన్లో వీడియోలు చూసి జపాన్ వంట మొదలుపెట్టింది. ఒనిగిరి అట! తీరా చూస్తే ఏముంది, నడుమ చేప పెట్టిన అన్నం ముద్ద.

మొదటిసారి ఏడాది నిలవున్న మా పాతబియ్యంతో వండింది. మెతుక్కి మెతుకు అంటదని మేం గొప్పలు పోయే బియ్యం అది. చేతిలోకి తీసుకోగానే ముద్ద కాస్తా రాలిపోయింది. నా ప్రాణం ఎంత హాయిగా ఉందో! మర్నాడే నన్ను వెంటబెట్టుకుని కొట్టుకెళ్ళి కొత్తబియ్యం అడిగింది.

"కొత్తబియ్యమాండీ? ముద్దయిపోద్దండి. మీ ఇంట్లో ఎవరు తింటారండీ?" అన్నాడు కొట్టాయన.

"ముద్దవ్వాలనేనండి" అంది అక్కయ్య.

ఈసారి ముద్ద నిలబడింది. లోపల ఉడికించి ముళ్ళు తీసిన కొర్రమీను, కాస్త సోయా సాస్, అంతే. కారం లేదు, చింతపండు లేదు.

"జ్వరం పథ్యంలా ఉందండక్కా" అన్నాను.

ఆవిడ నవ్వేసి, "ఇలా రావే, నువ్వూ చెయ్యి తడుపుకో. అన్నాన్ని నొక్కకూడదు, ఊరికే పట్టుకోవాలి. నొక్కితే అలుగుతుందే" అంది.

పోపు మాడుతోందని వంకపెట్టి దగ్గరికి వెళ్ళలేదు. ఓరకంట చూడకుండానూ ఉండలేదు. ఉప్పునీళ్ళతో తడిపిన చేతుల్లో ముద్దని పసిపిల్ల బుగ్గల్లా పట్టుకునేది.

పిల్లలు మెచ్చుకుంటే ఓర్చుకున్నాను. మా ఆయన రెండోది అడిగితే ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. భరించలేకపోయింది అత్తయ్య సంగతే. పళ్ళు లేవు, చూపు ఆనదు, కారం పడదు. ఎన్నేళ్ళు వడ్డించినా నా పులుసుని బాగుందన్న పాపాన పోలేదు. ఆ మనిషి ఒనిగిరి తిని, "పెద్దమ్మాయ్, నీ చేతిలో ఏదో ఉందే" అంది. ఆ మాట నాక్కావాలి. ఇప్పటికీ కావాలి.

అక్కయ్య పోయాక అత్తయ్య అన్నం ముట్టడం మానేసింది. మజ్జిగ, అరటిపండు. పెద్దకర్మ దాటినా అదే తీరు. కారం తగ్గించి, ముళ్ళు ఏరి, పులుసన్నం కలిపి పెడితే గోడవైపు తిరిగింది. పోయి కూడా అక్కయ్యే గెలుస్తోందని ఒళ్ళు మండింది. మొన్న నేనే వెళ్ళి కొత్తబియ్యం తెచ్చాను. మొదట చేసినవి నొక్కేశాను, రాళ్ళలా బిగిశాయి. తర్వాతది ఊరికే పట్టుకున్నాను.

అత్తయ్యని మంచం మీద కూర్చోబెట్టి నోట్లో కాస్త పెట్టాను. నెమ్మదిగా మింగింది. తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మాయ్, ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళిపోయావే?" అంది.

చేసింది నేనండీ అత్తయ్యా, అని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళకి నా చేతి వంట నచ్చితే, ఆ పేరూ ఆవిడకేనా!

"ఇక్కడే ఉన్నానండీ" అన్నాను.

అత్తయ్య నా చెయ్యి వదలకుండా ఇంకో ముద్దకి నోరు తెరిచింది.