కుప్పం ఫైనల్లో మా గోల్‌కీపర్

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. మదనపల్లెలో కాలేజీకి ఆటలు నేర్పే పి.డి.గా చేరినప్పటినించి మ్యాచ్ జరిగినంతసేపూ గీత పక్కన అటూ ఇటూ తిరగతానే ఉంటాను. నీ కాళ్ళకు చక్రాలుండాయా అని మా ఆవిడ అడగతాది. కాళ్ళకేమో గానీ, నోటికి మాత్రం బ్రేకుల్లేవు.

మా ఫుట్‌బాల్ టీము పుట్టిందే మొండితనంతో. మంచి బయలంతా క్రికెట్ వాళ్ళు తీసుకున్నారు. మాకు మిగిలింది కొండపక్క ఏటవాలు. పైన బంతి వదిలితే దానంతటదే కిందికి దొర్లతాది. సరివి కట్టెలు పాతి గోల్‌పోస్టులనుకున్నాం. తెల్లారి మార్కెట్లో టమాట క్రేట్లెత్తి, తొమ్మిదికి క్లాసుకొచ్చే పిల్లోళ్ళే మొదటి టీము. మొదట్లో ఎవురు పిలిస్తే వాళ్ళ చేతిలో ఓడిపోయి వచ్చినాం. తర్వాత ఆ వాలునే పట్టుకున్నాం. టాస్ గెలిస్తే ముందు కిందిపక్క గోల్ తీసుకునేది, సగం ఆట ఎట్టోకట్ల కాచుకునేది, రెండో సగంలో పైనించి మీద పడేది. మా ఊరికొచ్చి మమ్మల్ని గెలిచి పోయినోళ్ళు తక్కువ. ఎదురెక్కి తన్నీ తన్నీ మావోళ్ళ కాళ్ళు ఇనుమైపోయినాయి కాబట్టి బయట గ్రౌండ్లలో కూడా గెలిచినాం. ప్రిన్సిపాల్ రూములో అద్దాల బీరువా చాలక ఇంకోటి తెప్పించినారు.

గోల్‌కీపర్లకు నేను నేర్పిందొకటే. కిందిపక్క గోల్ కాసేటప్పుడు మనోడు వెనక్కి తోసిన బంతికి ఎదురుపోవద్దు, పోస్టుల మధ్య నిలబడు, అదే నీ కాళ్ళ దగ్గరికొస్తాది. మట్టమైన నేల మీద అది పనికిరాదని నాకు తెలీక కాదు. అందుకే బయటూరి మ్యాచ్ ముందు వారం రోజులు కురబలకోట దగ్గర సమంగా ఉండే ఒక బయల్లో ఆడించేవాణ్ణి. కుప్పంలో కాలేజీల పోటీ ఫైనల్ ముందు మాత్రం ఆ పని చెయ్యలేదు. వరసగా గెలస్తాండాం గదా, పొగరు. ఇంగేముంది చెప్పేదానికి.

ఆ ఏడు మా గోల్‌కీపర్ పుంగనూరు పిల్లోడు, ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాయన రేకు పెట్టెలు, గరాటలు చేసే సాయిబు. యూనివర్సిటీ టీముకు ఆటగాళ్ళను ఏరేదానికి ఒక పెద్దాయన ఆ ఫైనల్‌కు వస్తాండాడు. అందులో పేరొస్తే పి.డి. కోర్సుకు దారి దొరకతాది. రాకపోతే ఆట మానేసి అంగట్లో కూర్చోవల్ల. ఇది తండ్రీకొడుకుల ఒప్పందం. పొద్దున్నే మా వ్యాను పుంగనూరులో ఆగితే ఆయనే దగ్గరుండి కొడుకును ఎక్కించినాడు.

“సార్, మీ మాట మీద పంపిస్తాండా. వీడికి ఆట వచ్చునో రాదో ఈ పొద్దు తేలిపోనీ” అన్నాడు.

ఎందుకు రాదు భాయ్, నేనుండాను గదా అని గొప్పగా చెప్పినాను. మ్యాచ్ మొదలయ్యే లోపల మూడు టీలు తాగినాను.

మొదటి అరగంటలో పిల్లోడు రెండు గోల్సు ఆపినాడు. ఒకదానికైతే పక్కకు దూకి వేళ్ళ కొసలతో బయటికి నెట్టినాడు, అవతలోళ్ళు కూడా చప్పట్లు కొట్టినారు. అంతలోనే మా డిఫెండర్ బంతిని మెల్లగా వెనక్కి తోసినాడు. పిల్లోడు పోస్టుల మధ్య నిలబడి కాచుకున్నాడు. కుప్పం గ్రౌండు పళ్ళెం మాదిరి మట్టం. బంతి సగం దారిలో నిలిచిపోయింది. అవతలోడు ఉరికొచ్చి తీరిగ్గా తన్నినాడు. గోల్.

అంతమంది ముందర నోటికొచ్చిందంతా తిట్టి పిల్లోణ్ణి దించేసినాను. ఒకసారి దించితే మళ్ళీ పంపే వీల్లేదని తెలిసే దించినాను.

పిల్లోడు గ్లవ్స్ విప్పుకుంటా, “మీరు చెప్పినట్టే నిలబడినాను సార్” అన్నాడు.

నోరు మూసుకోని కూర్చో అన్నాను. కూర్చున్నాడు. రెండో సగంలో మేం రెండు గోల్సు కొట్టి గెలిచినాం. అందరూ ఎగరతాంటే వాడు కూడా లేచి చప్పట్లు కొట్టినాడు. నేను వాడి ముఖం చూడలేదు.

కప్పు ఇచ్చే ముందు ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చినాడు. చేతిలో కాగితం. మీ మొదటి గోల్‌కీపర్ పేరు రాసుకున్నాను, ఒక తప్పు ఎవురైనా చేస్తారు, మరి ఎందుకు దించినారు అని అడిగినాడు. కోపమొచ్చి దించినాను అని నిజం చెప్పల్ల. తప్పు వాడిది కాదు, నా నేర్పుడుది అనల్ల. చుట్టూ వేరే కాలేజీల పి.డి.లు వింటాండారు. “మోకాలు పట్టేసింది సార్” అన్నాను. అయ్యో పాపం, దెబ్బ తగిలినోళ్ళను తీసుకోలేమే అని ఆయన పెన్ను తీసి ఆ పేరు కొట్టేసినాడు. నా కళ్ళ ముందరే. అంతలో నన్ను కప్పుకు పిలిచినారు. లేదు సార్ అనేదానికి అర నిమిషం చాలు. అనలేదు. పోయి కప్పు ఎత్తుకున్నాను.

రెండేండ్లు పుంగనూరు మీద పోయే బస్సులో ఆ అంగడి కనపడే పక్క కూర్చోలేదు. పోయిన నెల మాత్రం ఉండబట్టలేక దిగేసినాను. పిల్లోడు రేకు కత్తిరిస్తాండాడు. సార్ అని లేచి స్టూలు తుడిచి వేసినాడు. ఆ పొద్దు బంతికి ఎదురుపోయుంటే బాగుండు సార్, నాదే తప్పు అని వాడే ఎత్తినాడు. ఇంగ నా వల్ల కాలేదు. కాగితంలో పేరు, మోకాలు, పెన్ను, అంతా చెప్పేసినాను. సిగ్గుతో చచ్చిపోయినాను.

తిడతాడనుకున్నాను. వాడు కత్తెర కింద పెట్టినాడు.

“సీటు పోతే పోయింది సార్” అన్నాడు. “ఈ మాట మీ నోటితో మా నాయనకు చెప్పండి. ఆ పొద్దునించి ఆయన ఇంట్లో ఆట మాటే ఎత్తలేదు.”

సాయిబు లోపలినించి చేతులు తుడుచుకుంటా వచ్చినాడు. నేను లేచి నిలబడి మొత్తం మళ్ళీ చెప్పినాను. నా అబద్ధం గురించి ఆయన ఒక్క మాట అడగలేదు. కొడుకు పక్కకు తిరిగి, “అయితే నీ పేరు రాసినారా?” అన్నాడు.

వాడు నా పక్క చూసినాడు. రాసినారు భాయ్ అని నేనే చెప్పినాను.