కొండమేక కన్ను

పదకొండేండ్లుగా నా మెడ మీద ఒక కొండమేక కూర్చోని ఉంది. చచ్చిన మేక. దించాలని చూస్తే దిగదు, ఎవరికీ కనపడదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినోళ్లందరికీ ఇదే సంగతిని ఇంకో రకంగా చెప్పి చెప్పి, ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలంటే నోరు తిరగడం లేదు. అందుకే రాస్తున్నాను.

తబూక్‌లో ఒక కంబళ్ల అంగడి ముందర బండి ఆపుకోని రాస్తున్నాను. లోపల ఖాసిం భాయ్ కంబళ్లు ఏరుతున్నాడు. ఇరవై ఏడేండ్లు ఈ అరబ్బు దేశంలో వంట చేసినాడు. ఫైనల్ ఎగ్జిట్ పడింది. రేపు మధ్యాహ్నం విమానం. మా రాయచోటికి పోతున్నాడు, మళ్లీ రాడు. ఆయన బయటికి వచ్చేలోపల ఇది ముగించాల. ఒక్కో కంబళినీ చెంపకు ఆనించి చూసే మనిషి కాబట్టి కొంచెం టైముంది.

ముందు నేను అందరికీ చెప్పే కథ వినండి. తబూక్ కొండల్లో పది రోజులు గాలించినాం. పదకొండో రోజు ఒక ఐరోపా దొర తుపాకి పేల్చితే గుండు తగిలీ తగలకుండా తగిలింది. మేక ఆ బండ మీది నుంచి ఈ బండ మీదికి దూకింది. నేను చెప్పులు ఇడిసి, కత్తి పండ్ల మధ్య కరుచుకోని ఎగబడినాను. కొమ్ము పట్టినాను. ఇద్దరం దొర్లినాం. అది కన్ను తిప్పి నన్ను చూసింది. బిస్మిల్లా అని కోసినాను. కొమ్ములు నా చేయంత పొడుగు. వినేవాడు కొంచెం అమాయకుడైతే నా అంత ఎత్తు.

ఇప్పుడు దాని తోలు ఒలుస్తాను.

పది రోజులు కాదు, మూడు పూటలు. అడివి కొండ కాదు, మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఆయన సొంత కొండ, చుట్టూ కంచె. అందులో కొండమేకలను పెంచేవాడు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు మూడు రోజులు వేట, నాలుగు రోజులు ఊర్లు చూపించడం, అన్నీ కలిపి ఒకే టూరు. నేను డ్రైవర్ని. కత్తి పని కూడా నాదే.

కత్తి పని అంటే ఏందో చెప్పాల. వేట మాంసం మేం తినాలంటే తుపాకి పేల్చేవాడు అల్లా పేరు తలచి పేల్చాల. దొర తలచడు కదా. కాబట్టి మేక పడినాక, ప్రాణం పోకముందే మాలో ఒకడు పోయి, పేరు చెప్పి గొంతు కోయాల. పోయినాక కోస్తే అది వట్టి పీనుగు, మాకు హరాం. అందుకని గట్టిగా పరిగెత్తేవాడు కావాల. "చిన్నప్పుడు మేకలు కాసినా, కొండెక్కితే నేను చిరుతనే" అని కఫీల్ దగ్గర కోతలు కోసి ఆ పని నేనే తీసుకున్నాను. మా నాయన దూదేకేవాడు. మా ఇంట్లో మేక ఎప్పుడూ లేదు. అప్పటికి నాకు యాభై ఆరు.

ఖాసిం భాయ్ ఆ క్యాంపులో వంటమనిషి. తన కండ్ల ముందర కోయని మాంసం నోట పెట్టడు. ఫ్రీజర్ కోడిని వండుతాడు, తినడు. అందరికీ పళ్లేల నిండా మాంసం వడ్డించి, తను ఒక మూల పప్పూ అన్నం కలుపుకునేవాడు. "ఇది ముసల్మాన్ల దేశం భాయ్, ఇక్కడ గూడా అనుమానమేనా?" అని ఎగతాళి చేస్తే, "దేశం తింటుందా, నేను తింటానా?" అనేవాడు.

ఆ పొద్దున దొర పేల్చినాడు. గుండు బాగానే తగిలింది. మేక వాలులో ఒక బండ పక్కన కూలబడింది. తల మాత్రం ఎత్తే ఉంది. నేను కత్తి తీసుకోని ఉరికినాను. సగం దూరం పోయినాక ఆయాసం వచ్చి ఆగిపోయినాను.

అట్ల రాసినాను. చదువుకున్నాను. అది గూడా అబద్ధమే. ఆయాసం వచ్చిన మాట నిజం, ఆగింది దానికి కాదు.

కింద దొరసాని ఫోను పట్టుకోని నన్ను తీస్తా ఉంది. నాకు తెలుసు. సగం కొండ మీద మంచి బండ ఒకటి కనపడింది, ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. ఎక్కినాను. కత్తి పైకెత్తి నిలబడినాను. ఆమె చేయి ఊపింది, ఇంకొకటి అని. నడుం మీద చేయి పెట్టి ఇంకొకటి ఇచ్చినాను. తలగుడ్డ సర్దుకోని మూడోది. ఎంతసేపు? నిమిషమా? రెండా? ఎన్నిసార్లు లెక్క కట్టుకున్నానో. ఒక్కోసారి నాకు అనుకూలంగా తగ్గిస్తాను. తగ్గించినా అది చావడానికి చాలినంత సేపే.

ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. కఫీల్ తన బైఠక్‌లో, వచ్చినోళ్లు కూర్చునే గదిలో, అద్దం కట్టించి పెట్టినాడు. అందులో నేను కత్తి ఎత్తి నవ్వుతున్నాను. నా భుజం వెనక, పైన, మట్టి రంగులో చిన్న మచ్చ. తల ఎత్తుకోని ఉన్న మేక. "చూడండి, ప్రాణంతో ఉంది" అని అందరూ దాన్నే సాక్ష్యం చూపిస్తారు. నిజమే. నేను ఫోటో దిగుతున్నప్పుడు అది బతికే ఉంది.

నేను చేరుకునేసరికి తల వాలిపోయింది. కన్ను తెరిచే ఉంది. దాని మీద ఇసుక రేణువు ఒకటి. గాలికి ఇంకొకటి వచ్చి పడింది. వేలితో ఆ కంటిని తాకినాను, కదల్లేదు. కింద అందరూ చూస్తున్నారు. బిస్మిల్లా అని గట్టిగా, కింది దాకా వినపడేటట్టు అరిచి కోసినాను. నెత్తురు చిమ్మలేదు. చిక్కగా, నిదానంగా, ఇష్టం లేనట్టు వచ్చింది.

ఆలస్యమైంది అని ఒక్క మాట అనుంటే ఏమయ్యేది? కఫీల్ కేకలేసేవాడు. కత్తి ఇంకొకడి చేతికి పోయేది. అంతేనా? అంతే. తల పోయేది కాదు. ఉద్యోగం గూడా పోయేది కాదు. చిరుత అనే పేరు పోయేది.

ఖాసిం భాయ్ కోత చూడలేదు, క్యాంపులో పొయ్యి దగ్గరే ఉన్నాడు. వండేటప్పుడు ఒక ముక్కను రెండు వేళ్లతో నొక్కి చూసినాడు. "నెత్తురు లోపలే నిలిచిపోయిందేందిరా?" అన్నాడు. కొండమేక మాంసం అంతే భాయ్, నల్లగానే ఉంటాది అన్నాను, పుట్టినప్పటి నుంచి కొండమేకలే తింటున్నట్టు. ఆ మధ్యాహ్నం ఆయన తిన్నాడు. నన్ను నమ్మి తిన్నాడు. "నువ్వు కోసినావు కదా, నేను చూసినట్టే" అని రెండోసారి గూడా వడ్డించుకున్నాడు.

తర్వాత నాలుగు రోజులు ఊర్లు చూపించే పని. అల్ ఉలాలో రాతి గోరీలు చూపించినాను. అవి రాక్షసులు గోళ్లతో గీకినవని దొరసానికి చెప్పినాను, ఆమె రాసుకుంది. యాన్బులో సముద్రం. అక్కడి నుంచి జిద్దా దారి. ఖాసిం భాయ్ గూడా బండిలోనే ఉన్నాడు. జిద్దాలో దిగి, బస్సు పట్టుకోని, మక్కాకు ఉమ్రా యాత్ర పోవాలని సెలవు పెట్టుకున్నాడు.

దారిలో రాబిగ్ దగ్గర ఆపినాం. ఉమ్రాకు పోయేవాళ్లు అక్కడే స్నానం చేసి తెల్లగుడ్డలు కట్టుకోవాల. దొరలు చాయ్ తాగుతున్నారు. ఖాసిం భాయ్ మసీదులో నుంచి బయటికి వచ్చినాడు. రెండు తెల్లగుడ్డలు, తడి తల. మా వైపు ఒక ఆచారం ఉంది. అట్లాంటి ప్రయాణం పోయేముందు, అన్నదీ విన్నదీ మాఫీ చెయ్యమని తెలిసినవాళ్లను అడిగి పోతారు. ఆయన బండి దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"కహా సునా మాఫ్ కర్రా అబ్బయా."

"నువ్వేం చేసినావని భాయ్? ఉప్పు ఎక్కువేసినావు, అంతే గదా."

ఆయన నవ్వలేదు. "ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నువ్వు కోసినప్పుడు ఆ మేకలో జాన్ ఉన్నిందా?"

"ఉన్నింది."

"బాగా చూసినావా?"

"నేను చూసేదేంది, అదే నన్ను చూసింది. కన్ను తిప్పింది. అల్లా కసం."

అప్పుడు నవ్వినాడు. "నీ మొగం చూసే చచ్చింటాది పాపం." నా చేయి మాత్రం ఇడవలేదు. "నువ్వు కోతలరాయుడివని రాయచోటి అంతా తెలుసురా. ఒంటి చేత్తో బస్సు నిలబెట్టినా అంటావు. అయినా అల్లా పేరు పెట్టి నువ్వు ఇంతవరకు అబద్ధమాడలా. నాకు అది చాలు."

ఏమీ మిగల్చకుండా మాఫ్ అన్నాను. ఆయనా అన్నాడు. పోయి బండిలో కూర్చున్నాడు, జిద్దా దాకా పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

ఒక మౌల్వీ సాబ్‌ను అడిగినాను, నా స్నేహితుడొకడు ఇట్ల చేసినాడని చెప్పి. తెలీక తిన్నవాడికి పాపం లేదన్నాడు. అదంతా తినిపించినవాడిదే, అబద్ధపు ఒట్టు దాని మీద ఇంకొకటి అన్నాడు. "మీ స్నేహితుణ్ణి అల్లా దగ్గర తౌబా చేసుకోమను, ఆ మనిషి దగ్గర ఒప్పుకోమను" అన్నాడు. అంటే ఖాసిం భాయ్‌కి ఏ పాపమూ అంటలేదు. అది విని నాకు తేలిక కావాల కదా? కాలేదు. ఆయన కడుపు గురించి కాదు నా బాధ. ఆయన నా మాటను వెంటబెట్టుకోని కాబా చుట్టూ ఏడుసార్లు తిరిగినాడు.

పైగా నా కథకు ఇప్పుడు పెద్ద సాక్షి ఆయనే. ఎవడైనా నన్ను ఎగతాళి చేస్తే, "మిగతావన్నీ అబద్ధాలే, మేకది మాత్రం నిజం" అని తన ఫోనులో ఆ ఫోటో తీసి చూపిస్తాడు. వేలు పెట్టి ఆ మట్టి రంగు మచ్చను చూపిస్తాడు. నేను పక్కనే ఉండి తల ఊపుతాను. ఎన్నిసార్లు ఊపినానో!

చెప్పేస్తే? డెబ్బై దాటినవాడు, రేపు పోయేవాడు. పదకొండేండ్ల కిందటి అన్నం ఇప్పుడు కక్కించమంటారా? ఆయన మేలు కోసమే దాస్తున్నా అని కొన్నాళ్లు అనుకున్నాను. ఎంత మంచివాణ్ణో చూడండి. మళ్లీ అనుకుంటాను, ఆయనకు నేను చిరుతగా కనపడింది చాల్లేదా, ఇంకా ఎంతకాలం కనపడాల అని. రేపు ఎయిర్‌పోర్టులో ఆయన మళ్లీ చేయి పట్టుకుంటాడు. కహా సునా మాఫ్ అంటాడు. నేనూ అంటాను. ఆయన ఒక్క మాటతో అన్నీ మాఫీ చేసి పోతాడు. పేరు పెట్టి చెప్పని తప్పు ఆ మాఫీలో చేరుతుందా? చేరుతుందని ఎవరైనా అంటే నమ్మేయాలని ఉంది. నేను గాక ఇంకెవరైనా అనాల.

అంగడి తలుపు తీసుకోని వస్తున్నాడు. భుజం మీద రెండు కంబళ్లు, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. పచ్చది నాకేనని నాకు తెలుసు, పొద్దున నా బొంత చిరిగిందని చూసినాడు. ఏం రాస్తున్నావురా అని అడుగుతాడు. కాగితం దాచను. దాచే పని లేదు. మా ఇంట్లో తెలుగే, నేను తెలుగు బడిలో చదివినాను. ఆయన మదరసాలో చదివినాడు, ఉర్దూ, అరబ్బీ తప్ప ఇంకో అక్షరం చదవలేడు. ఒప్పుకునేటప్పుడు గూడా ఆయన చదవలేని అక్షరాలే ఏరుకున్నాను, చూసినారా. దాన్ని గూడా రాసి పెడుతున్నాను.

అయినా ఒక్కసారి, ఒక్క కాగితం మీదన్నా, కత్తి ఎత్తకుండా, తలగుడ్డ సర్దుకోకుండా చెబుతున్నాను. ఆ మేక నన్ను చూడలేదు. దాని కంటి మీద ఇసుక పడినా రెప్ప వాలలేదు.

ఆయన అద్దం మీద తడుతున్నాడు. తలుపు తీయాల.