వంటింటి రంగు

పోస్టుమాస్టరుగారు తొందరపడే మనిషి కాదు. వంటింటి గోడలకు కొత్తగా వేయించిన సిమెంటు పూత ఎప్పుడో ఆరిపోయింది గానీ, దాని మీద ఏ రంగు వేయాలో మాత్రం ఆయన తేల్చలేదు. రోజూ పొద్దున్నే గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, ఒక కన్ను మూసి చూసి, వేలి కణుపుతో టకటకా కొట్టి, "ఊహూఁ" అనేవారు. పసుపు కళ్లల్లో గుచ్చుకుంటుందట, తెలుపు మరకలు దాచుకోలేదట. రంగుల కొట్టువాడు ఆయన్ని దూరాన చూస్తే చాలు, టీకి వెళ్లిపోయేవాడు.

"ఏదో ఒకటి వేయించండీ, కూరలో ఇసుక రాలుతోంది," అంది భార్య.

"రంగంటే చొక్కా కాదే, నచ్చకపోతే విప్పేయడానికి!"

ఆయన పనిమీద పక్క ఊరెళ్లిన రోజున ఆవిడ కొట్టుకెళ్లి, తడిగుడ్డతో తుడిస్తే మరక పోయే లేతాకుపచ్చ రంగు తెచ్చుకుంది. దుమ్ము దులిపి, నీళ్లు కలిపిన పలచటి పూత ముందు గోడచేత తాగించి, అది ఆరాక చిక్కటి రంగు పట్టించింది.

సాయంత్రం ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. కోప్పడదామంటే గోడ ఎక్కడా సందివ్వలేదు. ఇంతలో పక్కింటావిడ తొంగిచూసి, "అన్నయ్యగారూ, రంగు భలే కుదిరిందండీ!" అంది.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఊరికే కుదురుతుందా అమ్మా? ఎంత ఆలోచించాననుకున్నావు! ఇక హాలు సంగతి ఆలోచించాలి."

పెరట్లో బ్రష్ కడుగుతున్న భార్య ఆ మాట వినగానే కుళాయి కట్టేసింది. మిగిలిన రంగు డబ్బా అందుకుని, ఆయన్ని కాస్త పక్కకు జరగమని, హాల్లోకి నడిచింది.