బంద్ రోజు చెవి పరీక్ష

మొన్న మా క్లినిక్‌కి కొత్త హెడ్‌ఫోన్లు వచ్చాయి. డబ్బా తెరవగానే గుప్పున రబ్బరు వాసన కొట్టింది. పక్కనున్న ట్రైనీ అమ్మాయి ముక్కు మూసుకుంది గానీ, నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఎల్బీనగర్‌లో టైర్ల దుకాణం పక్కనుంచి మెట్లెక్కుతుంటే ఇదే వాసన ఎదురొచ్చేది. ఆ మెట్ల పైన ఉండేది మా కరుణ మేడం చెవి పరీక్షల గది.

మేడంది నల్గొండ వైపు పల్లె. చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని, వినికిడి పరీక్షలు చేయడం, మాట రాని పిల్లలకు మాటలు నేర్పడం వృత్తిగా చేసుకున్నారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన తెనాలి వాళ్ళ పిల్లని. ఆ చదువులోనే డిగ్రీ పూర్తిచేసి ఆవిడ దగ్గర చేరాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఎదుటివాళ్ళు మాట సగంలో ఉండగానే మిగతా సగం నేనే పూర్తిచేసేదాన్ని. ఈ వృత్తికి ఇంతకంటే పనికిరాని గుణం లేదని అప్పటికి నాకు తెలియదు.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. వారం తిరక్కుండా బంద్. బంద్ అనగానే జనమంతా పాల ప్యాకెట్ల కోసం పరుగెత్తితే, మేడం డైరీ తీసేవారు. మా గది గోడలకు కొట్టిన అట్టలూ, స్పాంజులూ హైవే మీద లారీల మోతను ఆపలేకపోయేవి. అందుకని చిన్నపిల్లల పరీక్షలన్నీ బంద్ రోజుకే దాచిపెట్టేవారు.

"రేపు బంద్ కదా మేడం, సెలవేనా?" అని ఆశగా అడిగితే, "సెలవేంది? లారీల్లేవు, హారన్లు లేవు. అసలు పని రేపే ఉన్నది. జర జల్దీ నడుసుకుంట రా" అనేవారు.

ఆ ఏడు ఆడియాలజీ ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టాలనుకున్నాను. దానికి మేడం సిఫారసు ఉత్తరం కావాలి, నేను స్వయంగా చూసిన ఒక పేషెంటు గురించి రెండు పేజీలూ కావాలి. ఆ రెండు పేజీల నిండా "నా కృషి వల్ల", "నా పట్టుదల వల్ల" అని రాసి చూపించాను. మేడం చదివి, "ఇందుల పేషెంటు ఏడున్నడు బిడ్డా?" అని తిరిగిచ్చేశారు. ఉత్తరం ఊసే ఎత్తలేదు. గడువు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. "ఆవిడ తెలంగాణ మనిషి. ఆంధ్రా పిల్లకి ఎందుకు రాసిస్తుందే?" అంది అమ్మ. ఛ, ఊరుకో అన్నాను గానీ, ఆ మాట రాత్రంతా లోపల తొలుస్తూనే ఉంది.

మర్నాడు బంద్. ఖాళీ రోడ్డు మీద మొహం ముడుచుకుని ఎల్బీనగర్ దాకా నడిచాను. కర్మన్‌ఘాట్ నుంచి ఒకామె ఐదేళ్ళ కూతురు రాణిని చంకనేసుకుని అప్పటికే వచ్చి కూర్చుంది. పిల్లకు అసలు వినబడదని ఎక్కడో చెప్పారట. రాణికి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడితే డబ్బాలో పూస వెయ్యమని చేసి చూపించాను. శబ్దం పంపాను. కదల్లేదు. పెంచాను. కదల్లేదు. ఇంకా పెంచి, ఇక లాభం లేదని కలం తీశాను.

మేడం ఆ కలం లాగేసుకున్నారు. "చేతులు ఎనకకు వెట్టుకో. ఒక్కో వేలు ముడుసుకుంట పది లెక్కవెట్టు. అందాక మిషన్ ముట్టకు."

మళ్ళీ శబ్దం పంపి చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మూడు, నాలుగు. రాణి పూస పట్టుకుని వాళ్ళమ్మ మొహం చూస్తోంది. ఆరు. ఎనిమిదో వేలు ముడిచేసరికి పూస టక్కుమని డబ్బాలో పడింది. మళ్ళీ పంపితే మళ్ళీ పడింది. పిల్లకు పెద్ద శబ్దాలు వినబడుతున్నాయి. వెయ్యాలా వద్దా అని అది బెదురుతూ ఉండగానే నేను తర్వాతి మీట నొక్కేస్తున్నాను, అంతే. చెవి మిషన్ పెట్టి నేర్పితే మాటలొస్తాయని మేడం చెప్పగానే ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చేశాను. ఇంకో నిమిషమైతే ఆ పిల్లకు ఏమీ వినబడదని నా చేత్తో రాసేసేదాన్ని.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరుస్తూ అమ్మ అనుమానం, నా అనుమానం రెండూ కక్కేశాను. మేడం పడీ పడీ నవ్వారు.

"మాకు రాష్ట్రం గావాలె గని, నీ సీటు నాకెందుకే? నీ గురించి రాయనీకె ఒక్క నిజం దొరుకుతదేమోనని చూస్తున్న. ఇయ్యాల దొరికింది."

ఉత్తరం అప్పటికప్పుడే రాసిచ్చారు: "ఈ అమ్మాయికి తొందర ఎక్కువ. కానీ తన తప్పు తానే చూసి ఏడ్చింది. ఇక ఆగుతుంది." నేను పాత పేజీలు చించేసి, నా తప్పుతోనే మొదలుపెట్టి రాణి గురించి మళ్ళీ రాశాను. ఇంటర్వ్యూలో ఆ రెండు పేజీల గురించే అడిగారు. సీటొచ్చిన రోజు మేడం కింది టైర్ల దుకాణం దాకా బాదుషాలు పంచి, "మా పిల్లకొచ్చింది" అని చెప్పుకున్నారు.

మొన్న కొత్త హెడ్‌ఫోన్లు మొదట పెట్టుకున్నది నాలుగేళ్ళ బాబు. శబ్దం పంపగానే నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. బాబు కదల్లేదు. ట్రైనీ అమ్మాయి కలం తీసి, "వినబడనట్టుంది మేడం, రాసెయ్యనా?" అంది.

"ఆగమ్మా," అన్నాను, "ఇంకా రెండు వేళ్ళున్నాయి."