తునికి పండ్ల కాక్‌టెయిల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రవాడి మీద అసూయ కలుగుతుంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చి ఏడాదైనా కాలేదు. గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీలో, బొగ్గును పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. ఉండడానికి కంపెనీ క్వార్టరు. జేబులో ఎప్పుడూ ఒక చీటీ. పొద్దున్నే ఆ రోజు పనులన్నీ నంబర్లు వేసి రాసుకొని, ఒక్కొక్కటి అయిపోగానే గీత కొట్టేవాణ్ణి. (చీటీ రాయడం కూడా పనే కనుక దాన్నే ఒకటో నంబరుగా రాసి, వెంటనే కొట్టేసేవాణ్ణి. పళ్లు తోముకోకముందే ఒక పని పూర్తిచేసిన తృప్తి ఎలాంటిదో అనుభవిస్తే గాని తెలియదు.) వంటింట్లో డబ్బాలకు నంబర్లు, చెంచాలకు నంబర్లు. చీపురుకు మాత్రం నంబరు లేదు, ఎందుకంటే అది ఒక్కటే ఉండేది.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, మా అవ్వ, అంటే అమ్మ, మనిషితో కబురు పంపింది. "మీ మామ మేడే నాడు నీ తానికి వస్తుండు. జర మంచిగుండు బిడ్డా" అని. దాని వెనక ఉన్న సంగతి ఇది. ధర్మపురిలో మా మేనమామకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయిని నేను చేసుకోవాలని నాకుంది, అవ్వకుంది, ఆ అమ్మాయికీ ఉంది. లేనిదల్లా మామకు. బొగ్గుబాయిల దగ్గర పనిచేసే పిల్లలందరూ పొద్దుగూకితే తాగి పడిపోతారని ఎవరో ఆయన చెవిన వేశారు. పైగా ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు చూసే పిల్లవాడి సంబంధం ఒకటి వచ్చి కూర్చుంది. మామ ముందు నన్ను చూసి, మర్నాడు ఆదిలాబాద్ వెళ్లి ఆ పిల్లవాణ్ణి చూసి, ఎవరో ఒకరిని తేల్చేస్తానని అత్తకు చెప్పి బయల్దేరుతున్నాడు. మరదలు అంతకుముందే నాకొక ఉపాయం చెప్పి ఉంది. "మా బాపు ఎవ్వల మాట వినడు. గాని ఆయన నవ్విండంటే ఒప్పుకున్నట్టే. ఎట్లనన్న నవ్వియ్యి." మామ నవ్వడం నేను పుట్టాక చూడలేదు. నవ్వినా కనపడే వీలు లేదు. ఆయన పైపెదవిని పూర్తిగా కప్పేసి, పాలనురగలా తెల్లగా, గుబురుగా ఒక మీసం ఉండేది. నలభై దాటకముందే నెరిసిన ఆ మీసమంటే ఆయనకు లోపల దిగులని తర్వాత తెలిసింది. అప్పట్లో గాంభీర్యం అనుకునేవాళ్లం.

ఇక క్లబ్బులో మేడే ఏర్పాట్లు చూసేవాడు నా స్నేహితుడు. ఎలక్ట్రికల్ సెక్షన్‌లో సూపర్‌వైజరు. శిక్షణ కోసం ఆరు నెలలు కలకత్తాలో ఉండి వచ్చి, అప్పటినుంచి ప్రతి మాటకు "కలకత్తాల అయితేనా..." అనేవాడు కనుక ఆయన పేరే కలకత్తా అయింది. ఒక సాయంత్రం క్లబ్బులో పాత ఇంగ్లీషు పత్రిక తిరగేస్తూ నాకొక రంగుల బొమ్మ చూపించాడు. ఏదో మంచు దేశంలో క్రిస్మస్ పండుగకు నారింజరంగు పండ్లతో చేసిన కాక్‌టెయిల్ అది. పండు పేరు పర్సిమన్. నేను ఊరుకుంటానా? లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తీసి చూస్తే, ఆ పండు మన తునికి చెట్టుకు దగ్గరి చుట్టమట. తునికి అంటే బీడీ ఆకు చెట్టే! మన అడవుల నిండా ఉన్నదే! వాళ్లకు చలికాలంలో పండితే మనకు ఎండాకాలంలో, సరిగ్గా మేడే సమయానికే పండుతుంది. ప్రకృతి నా కోసమే తేదీలు సర్దినట్టు అనిపించింది.

"మేడే అంటె ఏటేట గదే గులాబిరంగు షర్బతా? ఈసారి కాక్‌టెయిల్ పోద్దాం దోస్త్" అన్నాడు కలకత్తా.

"అండ్ల రమ్ము పోస్తరు. మా మామ వస్తుండు. నా పెండ్లి ఆపుతవా?"

"రమ్ము లేకుంటె గది కాక్‌టెయిల్ ఎట్లయితది?"

"నాలుగు రుచులు కలిస్తే అదే కాక్‌టెయిల్. రమ్ము బదులు అల్లం వేస్తా. మంట ఉంటే చాలు గదా, ఏ మంటైతే ఏమి?" అన్నాను. నాకు తెలియని విషయం లేదని ముందే మనవి చేశాను.

మూడు సాయంత్రాలు ప్రయోగాలు జరిగాయి. కొత్త గాజు బీకర్లలోనే చేశాను, భయపడకండి. పండ్ల తోలు జాగ్రత్తగా ఒలిచి, గింజలు తీసి, గుజ్జు పిసికి, బెల్లం, అల్లం, దాల్చినచెక్క వేసి, వడగట్టి చల్లార్చాను. మొదటిది తీపి ఎక్కువ. రెండోది అల్లం ఎక్కువ, కలకత్తాకు కళ్లవెంట నీళ్లు. మూడోది మాత్రం తేనె రంగులో, అడవి వాసనతో అద్భుతంగా కుదిరింది. కలకత్తా కళ్లు మూసుకొని తాగి, "కలకత్తాల గూడ గిట్లుండది" అన్నాడు. ఆయన నోట ఆ మాట అదే మొదలు, అదే ఆఖరు.

మేడే ముందురోజు సంతకు వెళ్లి, అడవి ఊళ్ల నుంచి బుట్టలతో వచ్చిన ఆడవాళ్ల దగ్గర తునికి పండ్లన్నీ కొనేశాను. "గిన్ని పండ్లేం జేస్తవ్ బిడ్డా? పెండ్లా?" అని అడిగింది ఒక ముసలావిడ. "అన్నీ మంచిగైతే పెండ్లే అవ్వా" అన్నాను. గ్లాసుకు కుదిరిన పాళ్లను కాలనీకంతటికీ సరిపోయేలా లెక్కకట్టి పెంచాను. బెల్లం, అల్లం, నీళ్లు, మంట మండే సమయం, ఏదీ వదల్లేదు. ఒక్కొక్క పండుకు తోలు ఒలుస్తూ కూర్చుంటే తెల్లారుతుంది కనుక, పండ్లను నలగ్గొట్టి తోలూ గింజా సహా ఉడికించాలని నిర్ణయించాను. (పెద్ద ఎత్తున చేసేటప్పుడు శ్రమ తగ్గించడం ఇంజనీరింగ్ ధర్మం.) అంత పానీయం పట్టే గిన్నె ఎక్కడా లేకపోతే, వర్క్‌షాపు వాళ్లు కొత్త ఇనుప రేకుతో అప్పటికప్పుడు ఒక డ్రమ్ము అతికి ఇచ్చారు. దాన్ని అద్దంలా తోమించాను. ఉడికించి, మూతపెట్టి, చీటీలో ఆఖరి నంబరు కొట్టేసి, కంటి నిండా నిద్రపోయాను.

పొద్దున మూత తీసి చూశాను. లోపల నా ముఖం కనపడింది. అంత నల్లగా ఉంది.

వగరున్న రసం ఇనుముతో కలిస్తే నల్ల సిరా పుడుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. డిప్లొమా మొదటి ఏడాది పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది, పూర్తి మార్కులు కూడా వచ్చాయి. తునికి తోలులో, గింజలో ఉన్నదంతా వగరే. అన్నింటినీ లెక్క ప్రకారం పెంచాను గాని, గాజు గిన్నె కాస్తా ఇనుప డ్రమ్ము అయిన సంగతి ఏ నంబరు కిందా రాసుకోలేదు. కలకత్తా వచ్చి తొంగిచూసి, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఏం జేసినవ్ దోస్త్? గీ డ్రమ్ముతోటి కంపెనీ రిజిస్టర్లన్ని రాయొచ్చు!" "పరేషాన్ గాకు. ఐసు వేస్తే ద్రాక్షరసం లెక్క కనపడతది" అన్నాను. ఐసు వేశాం. చల్లటి సిరా లెక్క కనపడింది.

అప్పటికే క్లబ్బు ముందు షామియానా కింద జనం నిండారు. మామ తెల్లటి ధోవతి, తెల్లటి కండువా, తెల్లటి మీసంతో ముందు వరుసలో కూర్చున్నాడు. గ్లాసులు పంచడం మొదలైంది. "ఏం సారూ, ఏడాదంత బొగ్గు తవ్వుడు సాలలేదా? పండుగనాడు తాగుడు గూడ బొగ్గేనా?" అని వెనక నుంచి ఒకరు అరిచారు. నవ్వులు పడ్డాయి. అయినా బొగ్గుబాయి మనిషి నలుపుకు భయపడడు. వరుసలు వరుసలుగా తాగేశారు. సరిగ్గా అప్పుడే మైకులో కలకత్తా గొంతు మోగింది. "ఇది మన ల్యాబు దోస్తు తయారుజేసిన స్పెషల్ కాక్‌టెయిల్! అందరు తాగాలె!"

మామ తల నా వైపు మెల్లగా తిరిగింది.

"కాక్‌టెయిలా? అంటె మందే గదర?"

"కాదు మామా, ఒక్క చుక్క లేదు. అల్లం, బెల్లం, తునికి పండ్లు, అంతే."

"మరి గీ రంగేంది? ఇది తాగుటానికా, రాసుటానికా?"

ఆయన గ్లాసు ఎత్తి వాసన చూశాడు. గుక్క తాగి, అంగిట్లో తిప్పి, కళ్లు చిట్లించాడు. మందు జాడ ఉందేమోనని అడుగుదాకా వెతికినట్టు, గ్లాసంతా నిదానంగా తాగేశాడు. మీసం రెండు వైపులా నిండా తడిసింది. కండువా తీసి కుడివైపు తుడుచుకున్నాడు. ఎడమవైపు తుడుచుకోబోతుండగా వేదిక మీద ఒక వింత జరిగింది.

ఏటా మేడే నాడు ముఖ్య ఉపన్యాసం చేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన మొదలుపెడితే పిల్లలు నిద్రపోయి లేచి మళ్లీ నిద్రపోయేవాళ్లు. ఆరోజు గొంతు తడుపుకోవడానికని నా కాక్‌టెయిల్ రెండు గ్లాసులు పట్టించి మైకు ముందుకొచ్చాడు. "కార్మిక సోదరులారా" అన్నాడు. అంతే. వగరుకు నాలుక గోనెసంచిలా బిరుసెక్కి అంగిట్లో అతుక్కుపోయింది. నోరు తెరిస్తే నల్లటి పళ్లు కనపడుతున్నాయి గాని మాట రావడం లేదు. చెయ్యెత్తి దండం పెట్టి కూర్చున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత మంచి ఉపన్యాసం ఆ కాలనీలో అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. ఈ సందడిలో మామ చేతిలోని కండువా ఆగిన చోటే ఆగిపోయింది. ఎడమ మీసం ఎండగాలికి ఆరడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం క్వార్టరులో కాళ్లు కడుక్కొని, ఆయన గోడ అద్దం ముందు నిలబడ్డాడు. చాలాసేపు కదల్లేదు. కుడి మీసం ఎప్పటిలాగే పాలనురగ. ఎడమ మీసం కాకిరెక్క.

"అల్లుడా" అన్నాడు మెల్లగా. "రేపు ఆదిలాబాద్ల నేను పిల్లతండ్రి లెక్క పోయి కూసోవాలె. గిట్ల పోతె వాళ్లేమనుకుంటరు?"

సబ్బు రుద్దాం. కుంకుడుకాయ రుద్దాం. కిరసనాయిలు అద్దాం. తెల్ల మీసం ఇంకా తెల్లబడింది, నల్లది ఇంకా నిగనిగలాడింది. (నిమ్మకాయ రుద్ది ఉంటే వదిలి ఉండేదని పెళ్లయిన మూడో ఏట తట్టింది. మామకు చెప్పలేదు.) నేను భయం భయంగా, మంగలిని పిలవనా అన్నాను.

"ఏమన్నవ్? మీసం దీస్తె ఎవ్వలు వోయిండ్రని అడుగుతరు. మీ అమ్మమ్మ రాయి తీరుగున్నది. బతికున్న తల్లిని సంపమంటవార?"

ఇక చేసేదేమీ లేక నాకు తెలిసిన ఒకే పని చేశాను. మూలకు వెళ్లి చీటీ తీసి, ఉన్న దారులన్నీ నంబర్లు వేసి రాశాను. మామ వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఏం రాస్తున్నవ్? సదువు."

"ఒకటి, కడుగుట. అయిపోయింది మామా. రెండు, తీయుట. నువ్వు వద్దన్నవ్. మూడు, వెంట్రుకలు పెరిగే దాక ఆగుట."

"నాలుగు?"

చీటీ మీంచి తల ఎత్తకుండా చదివాను. "నాలుగు... మిగిలిన సగం గూడ నల్లజేయుట."

మామ నన్ను చూశాడు. అద్దాన్ని చూశాడు. కుర్చీ తీసుకొని పెరట్లో ఎండలో వేసి, కళ్లు మూసుకొని కూర్చున్నాడు. "కానియ్యి" అన్నాడు.

క్లబ్బుకు పరుగెత్తి డ్రమ్ము అడుగున మిగిలింది ముంచి తెచ్చాను. దూది ముంచి, కుడి మీసానికి వెంట్రుక వెంట్రుకకూ పట్టించాను. ల్యాబులో ఏ పరీక్షా అంత శ్రద్ధగా చేయలేదు. నా చేతి కింద ఉన్నది మీసం కాదు, నా పెళ్లి. ఆరిన కొద్దీ ఎండలో రంగు ముదిరింది. అద్దం తెచ్చి ముఖం ముందు పట్టుకున్నాను. మామ కళ్లు తెరిచాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మీసం కొసలు సన్నగా కదిలాయి. పైకి లేచాయి. వాటి కింద, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మామ పళ్లు కనపడ్డాయి. నల్లగా ఉన్నాయి గాని, నవ్వే.

"జర... గీ కనుబొమ్మలకు గూడ పెడ్తవా?" అన్నాడు.

ఆ సాయంత్రం మా వంటింట్లో కూర్చొని చాయ్ తాగుతూ, నంబర్లు వేసిన చెంచాలను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "నీకు తాగుడు లేదు. తాగెటోడు చెంచలకు లెక్కలు రాసుకోడు. నీకున్నది ఇంకేదో జబ్బు. అది నా బిడ్డ సూసుకుంటది" అన్నాడు. రేపు ఆదిలాబాద్ బస్సు ఎన్నింటికో కనుక్కొని రానా మామా అని అడిగాను.

"ఆదిలాబాద్ ఎందుకుర? గా పిలగాడు దూది మిల్లుల ఉంటడు. వానికి తెల్లగ జేసుడే తెలుసు" అని గొంతు తగ్గించాడు. "ఓ సీస నిండ నింపి నా సంచిల పెట్టు. మీ అత్తకు మీసానికని జెప్తె నవ్వుతది, దగ్గుమందని జెప్త."

ఆ తర్వాత మామ ఉన్నన్నాళ్లూ ప్రతి ఎండాకాలం ధర్మపురికి దగ్గుమందు వెళ్తూనే ఉంది. అత్తకు అంతా తెలుసు. మీసం నల్లబడితే దగ్గు తగ్గుతుందని ఆవిడ వాడకట్టంతా చెప్పేది. ఆ ఉపన్యాసాల పెద్దమనిషి మరుసటి మేడే నుంచి మంచినీళ్లే తాగాడు, దానికి కాలనీ నన్నే తప్పుపట్టింది. కలకత్తా ఎక్కడున్నాడో తెలియదు గాని, ఎక్కడున్నా ఈ కథ కలకత్తాలోనే జరిగిందని చెప్తూ ఉంటాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. డ్రమ్ము మూత తీసి కొయ్యబారి నిలబడ్డ ఆ కుర్రవాడు ఎదురైతే గిన్నె మార్చుకొమ్మని చెప్పాలని ఒక్కోసారి నోటిదాకా వస్తుంది. చెప్పను. వాడు గిన్నె మార్చుకుంటే ఈ ఇంట్లో నాకు చాయ్ ఇచ్చేవాళ్లు ఎవరు? మొన్న ఎండాకాలం మా ఆవిడ బజారు నుంచి తునికి పండ్లు తెచ్చి, అడుగున ఎక్కడో ఉన్న ఇనుప కడాయి బయటకు తీసింది. పెరట్లో కుర్చీ వేసింది. నేను కళ్లద్దాలు తీసి, నా తెల్ల మీసాన్ని ఆమెకు అప్పగించి కూర్చున్నాను. ఆమె దూది ముంచి, నా ముఖాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, కొంగు అడ్డం పెట్టుకొని అడిగింది.

"మొత్తానికి పెట్టాల్నా, సగానికేనా?"

"సగానికే పెట్టు" అన్నాను. అచ్చం వాళ్ల బాపులాగే నవ్వింది.