ఆపమని ఆయనే అనాలి

ఆఫీసులో ఆవిడని అందరూ తాళాలమ్మ అంటారు. మెయిల్ సర్వరు ఆవిడ చేతిలో ఉంటుంది. ఎంత పెద్దవాళ్లు పంపినా సరే, అనుమానమొస్తే ఆ అటాచ్‌మెంట్‌కి తాళం పడిపోవాల్సిందే. మొండిఘటం. పెళ్లయింది, పిల్లలు పెరిగారు, తల నెరిసింది, ఆ మొండితనం మటుకు వదల్లేదు.

కిందటేడు వైరస్ వచ్చినప్పుడు ఎవరినీ అడక్కుండా సర్వరు ఆపేసింది. ఆఫీసు బతికిపోయింది. కానీ పెద్దసారు పంపుతున్న మెయిలేదో మధ్యలో ఆగిపోయింది. ఇంకేముంది, ఆవిణ్ణి అందరి ముందూ నిలబెట్టి దులిపేశాడు.

"నీకెవరిచ్చారమ్మా ఆ అధికారం? ఇకమీద నేను ఆపమంటేనే ఆపాలి."

పైగా క్షమాపణ చెప్పించుకున్నాడు. తాళాలమ్మకి తలకొట్టేసినట్టయింది. అప్పట్నుంచీ ఆవిడకి ఒకటే పంతం. సర్వరు ఆపమని ఆయనే పరిగెత్తుకొచ్చి, అందరి ముందూ బతిమాలాలి.

ఆ రోజు రానే వచ్చింది. ఈసారి వైరస్‌కి పుట్టిల్లు పెద్దసారు మెయిలే. తన మెయిలుకి తాళాలేమీ వద్దని ఆయనే తీయించేసుకున్నాడు. ఇప్పుడేదో తెరిచాడు. అది ఆయన పేరుతో ఆఫీసంతటికీ పోతోంది. తెరిచినవాళ్ల ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతున్నాయి. సారు పంపితే తెరవనివాళ్లెవరు?

ఆవిడ ఫోన్ చేసింది. "మీటింగులో ఉన్నా, తర్వాత" అని పెట్టేశాడు.

ఒక్క మీట నొక్కితే అయిపోయేది. నొక్కలేదు. "ఉండు, నీ పని చెబుతా" అని పళ్లు నూరి, గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. దాచడమెందుకు, లోపల హాయిగానే ఉంది. మేడమీద డిజైన్ సెక్షన్లో తన చెల్లెలు పనిచేస్తోంది కదా, దానికి మాత్రం ఫోన్ చేసింది.

"సారు పేరుతో ఏమొచ్చినా తెరవకే. ఎవరితోనూ అనకు."

కాసేపటికి పెద్దసారు కాలుగాలిన పిల్లిలా వచ్చిపడ్డాడు. వెనకాలే సగం ఆఫీసు.

"ఏంటమ్మా, చూస్తూ కూర్చున్నావ్? ఆపవేం?"

"మీరు ఆపమంటేనే కదండీ ఆపాలి!"

ఆయన మొహం మాడిపోయింది. "ఆపు తల్లీ, నీకు దణ్ణం పెడతా!"

ఆపింది. తాపీగా, అందరూ చూస్తుండగా ఆపింది. కడుపులో మంట చల్లారింది.

జనం వెళ్లిపోయాక చెల్లెలు కిందికి దిగొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నీ ఫైళ్లు బాగానే ఉన్నాయా?" అంది అక్క.

"ఉన్నాయి. సెక్షన్ మొత్తమ్మీద నా ఒక్కదానివే ఉన్నాయి. నా పక్కసీటావిడ నెలల తరబడి గీసినవన్నీ పోయాయి. వెక్కివెక్కి ఏడుస్తోంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు నా పక్కనే ఉందక్కా. నీకు ముందే తెలుసా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావ్?"

పెద్దసారుకి ఠక్కున జవాబిచ్చిన తాళాలమ్మ చెల్లెలి మొహం చూడకుండా, ఇందాక నొక్కిన మీట వంకే చూస్తూ కూర్చుంది. చెల్లెలు జవాబు కోసం నిలబడే ఉంది.